ఏ పూస దగ్గర? – వెన్ను ఆపరేషన్లలో చోటు తేల్చుకున్న చరిత్ర
(చీడికాడ సభలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడుకున్నామో ఆ పెద్దాయన డాక్టరు కారు. ఎక్స్‌రే గదిలో లెడ్ ఏప్రాన్ కట్టుకుని ఉద్యోగమంతా గడిపినవారు. అందుకే సర్జన్ల ఘనత పక్కనపెట్టి, ఆయన పనికి దగ్గరి విషయం ఎంచుకున్నాను. వెన్నుకి ఆపరేషన్ చేసేముందు, చేయాల్సింది ఏ పూస దగ్గరో ఎలా తేల్చుకుంటారు? ఆ పద్ధతి ఎలా ఏర్పడింది?

ఇది చీడికాడకి దూరపు విషయం కాదు. చెరకు నరికి, మోపులు కట్టి, గోవాడ ఫ్యాక్టరీ బండ్లకి ఎత్తిన నడుములు ఈ సభలోనే ఉన్నాయి. నొప్పి పిర్ర మీదుగా కాల్లోకి లాగితే మనవాళ్లు ముందు చోడవరం, తర్వాత అనకాపల్లి, ఆఖరికి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) చేరతారు. ‘ఎల్-4, ఎల్-5 మధ్య డిస్క్ జారింది’ అని రిపోర్టు చేతికొస్తుంది; అంటే నాలుగో, ఐదో నడుం పూసల మధ్యనుండే మెత్త అన్నమాట. కాగితం మీది ఆ అంకె, బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి వీపులో సరిగ్గా ఎక్కడుంది? నా ఉపన్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

1887 జూన్‌లో లండన్‌లో సర్జన్ విక్టర్ హార్స్‌లీ వెన్నులో గడ్డ తీసే ఆపరేషన్ చేశారు. అప్పటికి ఎక్స్‌రే లేదు. రోగికి ఒంట్లో ఎక్కడినుంచి స్పర్శ తెలియడం లేదో చూసి, గడ్డ ఫలానా ఎత్తులో ఉండాలని నరాల వైద్యుడు విలియం గవర్స్ అంచనా కట్టారు. హార్స్‌లీ తెరిచి చూస్తే అక్కడ గడ్డ లేదు. ఇంకా పైకి చూడమని సహాయకుడు చార్లెస్ బాలన్స్ పట్టుబట్టారు. పైనున్న ఎముక తీశాక గడ్డ దొరికింది. రోగి మళ్లీ నడిచాడు. అంచనా తప్పినా రోగిని కాపాడింది పొడవైన కోత. కోతని పైకి పెంచుకునే వీలుంది కాబట్టి తప్పు అక్కడికక్కడే దిద్దుబాటైంది.

ఎనిమిదేళ్లకి, 1895 నవంబరు 8న జర్మన్ శాస్త్రవేత్త రంట్‌గెన్ ఎక్స్‌రేని కనుగొన్నారు. ఎముక కనబడింది గానీ నరం, డిస్క్ కనబడలేదు. 1920ల మొదట్లో ఫ్రాన్స్‌లో సికార్, ఫోరెస్టియే అనే వైద్యులు లిపియోడాల్ అనే అయోడిన్ నూనెని వెన్నులోకి ఎక్కించి, అది ఎక్కడ ఆగుతుందో ఫిల్ముమీద చూశారు. 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే సర్జన్లు జారిన డిస్కే నరాన్ని నొక్కి కాలినొప్పి తెస్తుందని నిరూపించారు. అప్పటినుంచి ఏ డిస్క్ అన్నది సర్జన్ రోజూ ఎదుర్కొనే ప్రశ్న అయింది. మన విశాఖలో 1923లో వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి మొదలయ్యాయి. 1950ల్లో బాలపరమేశ్వరరావు గారు అక్కడ న్యూరోసర్జరీకి పునాది వేశాక ఈ ప్రశ్న ఉత్తరాంధ్రకీ చేరింది.

1970ల్లో సీటీ, తర్వాత ఎమ్మారై వచ్చాయి. లోపలి డిస్క్ కంటికి కట్టినట్టు కనబడసాగింది. అదే కాలంలో కోత కుంచించుకుపోయింది. 1977లో సర్జన్లు యాసర్గిల్, కాస్పర్ మైక్రోస్కోప్‌తో చిన్న కోతలోంచి డిస్క్ తీసిన అనుభవాలు ప్రకటించారు. 1997లో సర్జన్లు ఫోలీ, స్మిత్ రెండు సెంటీమీటర్లకి లోపు వెడల్పున్న గొట్టంలోంచి అదే పని చేసి చూపారు. కండరం నలగదు, రోగి త్వరగా లేస్తాడు. కానీ ఆ గొట్టంలోంచి పక్క పూస కనబడదు. హార్స్‌లీకి దొరికిన వెసులుబాటు ఇక్కడ లేదు. కోత చిన్నదయ్యేకొద్దీ పూసల లెక్క సరిగ్గా ఉండాల్సిన అవసరం పెద్దదైంది.

మరి ఈ లెక్క ఎందుకు తప్పుతుంది? చెరకు గడ కణుపుల్లాగే పూసలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. నడుం పూసల్ని మామూలుగా కిందనుంచి, నడుం కిందుండే త్రికాస్థి నుంచి పైకి లెక్కపెడతారు. కొందరిలో చివరి నడుం పూస త్రికాస్థికి అతుక్కుపోయి ఉంటుంది. ఇంకొందరిలో త్రికాస్థి పై పూస విడివడి ఆరో నడుం పూసలా కనబడుతుంది. చివరి పూస త్రికాస్థికి అతుక్కోవడాన్ని ఇటలీ వైద్యుడు బెర్టొలొట్టి 1917లోనే వర్ణించారు. ఇలాంటి వెన్నుని ఎమ్మారై చూసినవారు ఒక చోటునుంచి, థియేటర్లో సర్జన్ మరో చోటునుంచి లెక్కపెడితే, ఇద్దరూ ‘ఎల్-5’ అనే అంటారు, ఇద్దరి వేళ్లూ వేర్వేరు పూసల మీద ఉంటాయి.

చేత్తో తడిమి చెప్పడమూ నమ్మదగ్గది కాదు. తుంటి ఎముకల పై అంచుల్ని కలిపే గీత నాలుగో నడుం పూస దగ్గర వెళ్తుందని టఫియే పేరున ఒక గుర్తు ఉంది. బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు తడిమి చెప్పిన చోటుని ఎమ్మారైతో పోల్చి చూస్తే, నూటికి 29 సార్లే సరిపోయిందని 2000లో తేలింది. సగం సార్లు అసలు చోటు వాళ్లనుకున్నదానికంటే ఒక పూస పైన ఉంది.

అందుకే థియేటర్లో కోతకి ముందే సూది గుచ్చి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంతో పక్కనుంచి బొమ్మ తీస్తారు. అక్కడా మెలకువ కావాలి. సూది ఏటవాలుగా దిగితే చర్మం మీద ఒక పూస, మొన దగ్గర ఇంకో పూస. కిరణం ఆ డిస్క్ మీద సూటిగా పడకపోయినా బొమ్మ మోసం చేస్తుంది. కాబట్టి గొట్టం ఎముకమీద ఆనాక మరోసారి బొమ్మ తీయాలి. ఛాతీ వెనక పూసలైతే మరీ కష్టం. భుజాల నీడ అడ్డొస్తుంది, త్రికాస్థి ఫ్రేములోకి రాదు. అలాంటప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో ముందుగానే సీటీ గదిలో ఆ పూసలో చిన్న లోహపు గుర్తు పెట్టి, మర్నాడు థియేటర్లో దాన్నే వెతుక్కుంటారు.

పూస పొరబడే ఈ తప్పు చేతకానివాళ్లే చేస్తారనుకోవద్దు. 2008లో అమెరికాలో వెన్ను సర్జన్లని అడిగితే, జవాబిచ్చినవారిలో సుమారు సగంమంది తమ వృత్తిజీవితంలో ఒకసారైనా వేరే పూస దగ్గర ఆపరేషన్ చేశామని ఒప్పుకున్నారు. ఇది ఒక్కరి జాగ్రత్తతో తీరేది కాదని సర్జన్ల సంఘాలు గ్రహించాయి. 1994లో కెనడా ఎముకల డాక్టర్లు, కోసే చోట సర్జన్ తన పొడి అక్షరాలు రాయాలన్నారు. 2001లో ఉత్తర అమెరికా వెన్ను వైద్యుల సంఘం సంతకం, గుర్తు, ఎక్స్‌రే మూడూ ఉండాలంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోతకి ముందు అందరూ ఆగి రోగి పేరు, చోటు, చేయబోయే పని పైకి చెప్పుకోవాలని జాబితా ఇచ్చింది. దాన్ని పరీక్షించిన ఎనిమిది నగరాల్లో ఢిల్లీ ఒకటి.

ఈ చరిత్రలో నాకు కనబడేది ఒకటే. ప్రతి కొత్త యంత్రమూ ఇంకాస్త స్పష్టంగా చూపించింది, ఏదీ మనిషి బదులు లెక్కపెట్టలేదు. ఎక్కడినుంచి లెక్కపెట్టాలో ఫిల్ము తీసినవారు, రిపోర్టు రాసినవారు, ఆపరేషన్ చేసేవారు ముందే ఒప్పందానికి రావాలి. ‘మీరు ఎక్కడినుంచి లెక్కపెట్టారు?’ అని సర్జన్ ఎక్స్‌రే గదికి ఫోన్ చేసి అడిగితే ఆయన పెద్దరికం తగ్గదు. ‘సార్, ఈ వెన్నులో ఆరు నడుం పూసలు కనబడుతున్నాయి’ అని టెక్నీషియన్ చెప్పగలిగే వాతావరణం ఉన్న ఆసుపత్రే మంచి ఆసుపత్రి.

ఇక మీ వంతు. పాత ఎక్స్‌రేలు, ఎమ్మారై ఫిల్ములు అటకెక్కించకండి, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఫిల్ము కావాలి. ఆపరేషన్ రోజున మత్తివ్వకముందే, ‘ఏ పూస దగ్గర, ఏ పక్క?’ అని అడగండి. విసుక్కునే డాక్టరు ఎదురైనా సరే, అడగండి. అది మీ వెన్ను.