రక్తనాళంలో లోహపు అల్లిక

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్లనీడల్లో ఉదయం నడిచి తార్నాక వైపు మరలిపోయే పెద్దలలో, గుండెనాళంలో స్టెంటు ఉన్నవారు కొందరుంటారు. అడ్డు తొలగినది గనుక భయం తీరిందని వారనుకోవడం సహజమే. కాని వైద్యుని పని ముగిసిన తరువాతనే రక్తనాళం తన పని ఆరంభిస్తుంది. అది ఎట్టిదో మనవి చేస్తాను.

స్టెంటు సన్నని లోహపు అల్లిక. బుడగను ఉబ్బించి దానిని నాళపు గోడకు అదిమినప్పుడు లోపలి సున్నితమైన పొర చిరుగుతుంది. చిరిగిన చోటికి ప్లేట్‌లెట్లనే రక్తఫలకికలు చేరి, తమలోని వృద్ధికారకాలను విడుదల చేస్తాయి. 1974లో అమెరికాలో రస్సెల్ రాస్ ప్రభృతులు వెల్లడించిన వృద్ధికారకం వీటిలో ముఖ్యమైనది. ఆ పిలుపు విని నడిమి పొరలోని కండరకణాలు లోపలికి జరిగి, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. గాయం మాన్పవలసిన ఈ పెరుగుదల మితిమీరితే కొద్ది నెలలలోనే దారి మళ్ళీ ఇరుకవుతుంది. వట్టి లోహపు స్టెంట్ల కాలంలో నూటికి 20, 30 మందికి ఈ చిక్కు వచ్చేది.

మన హైదరాబాదులో 1998లో డాక్టర్ బి. సోమరాజు, అబ్దుల్ కలాం గార్లు కలిసి రూపొందించిన స్టెంటు వెల తగ్గించే త్రోవ చూపింది. వృద్ధిని అరికట్టే త్రోవ మాత్రం మట్టిలో దొరికింది. 1964లో ఈస్టర్ ద్వీపానికి బయలుదేరిన వైద్యబృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుండి, అవిభక్త పంజాబులో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం కెనడాలో సిరోలిమస్ అనే మందును వేరుచేసింది. అది కణవిభజనను ఆపుతుంది. ఆ మందు పూసిన స్టెంట్లకు 2002లో ఐరోపాలో, 2003లో అమెరికాలో అనుమతి లభించింది. 2017 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం మందుపూత స్టెంటుకు 29,600 రూపాయలు, వట్టి లోహపు దానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది.

అయితే వృద్ధిని ఆపే మందుకు ఏ కణం అక్కరకు వచ్చేదో, ఏది రానిదో తెలియదు. లోహాన్ని కప్పవలసిన లోపలి పొర కూడా ఆలస్యంగా పెరుగుతుంది. అంతవరకు బయటపడి ఉన్న లోహంపై రక్తం గడ్డకట్టే ప్రమాదమున్నది. ఆ గడ్డ ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మరొక మాత్రను కొన్ని నెలలపాటు వాడమంటారు.

కనుక శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఒంట్లో బాగున్నదని, ఖర్చు అవుతున్నదని ఆ మాత్రలు మీ అంతట మీరు మానకండి. పన్ను తీయించుకోవలసి వచ్చినా ముందుగా గుండె వైద్యుని అడగండి. లోపలి గాయం మానిందో లేదో పైకి కనిపించదు.