విశాఖ - భీమిలి తీరంలో నాలుగు రోజులు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంటర్‌తో చదువు ఆపి ఫౌజులో చేరినవాణ్ణి, ఉపన్యాసాలు నాకు రావు. కళ్లతో చూసింది చెప్తాను, అంతే.

మన భిలాయి తెలుగువాళ్లలో చాలామందికి సొంతూళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే. పెళ్లికో, కర్మకో వెళ్తాం. బీచిలో కాసేపు కూర్చుంటాం, జగదాంబ దగ్గర బట్టలు కొంటాం, మళ్లీ రైలెక్కేస్తాం. మొన్న జనవరిలో నేనూ, మా సెక్టార్లోనే ఉండే ఒక మిత్రుడూ దుర్గ్‌లో సమతా ఎక్కి, కేవలం చూడ్డానికే వెళ్లాం. ఆయన నేవీలో పెట్టీ ఆఫీసరు చేసి రిటైరయ్యారు, సబ్‌మెరైన్ మనిషి. వయసులో పెద్ద, అన్నా అంటాను.

మొదట ఆర్.కె. బీచిలో కురుసురా చూశాం. 1969లో నేవీలో చేరిన ఈ సబ్‌మెరైన్ 2001 దాకా పనిచేసింది. 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం భుజాలు వంచుకుని నడవాలి. స్నానానికి నీళ్లుండవని, డీజిలు వాసన బట్టలకు నెలల తరబడి పోదని అన్న చెప్తుంటే, బంకరే నయమనిపించింది నాకు.

దగ్గర్లోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. విక్రాంత్‌ను వేటాడ్డానికొచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు బయట మునిగింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేశారు. మన రాజపుత్ వేసిన డెప్త్ చార్జీలకే పోయిందని మన నేవీ, లోపలే పేలిందని వాళ్లు. అందులో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కడూ బతకలేదు. ఆ మాట వినగానే అక్కడున్న స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు.

అన్న మెల్లగా, "గెలిచాం బాబూ, కొట్టండి. కానీ నీళ్లలో అలా పోవడమంటే ఏంటో మాకు తెలుసు. వాళ్లదీ మా పనే" అన్నారు.

నేను ఎల్.ఓ.సి.లో చేసినవాణ్ణి. మా కంపెనీ కుర్రాణ్ణి భుజాన మోసుకుని దిగినవాణ్ణి. అన్న మాట నాకు మింగుడు పడలేదు. ఆ రాత్రి లాడ్జిలో చాలాసేపు వాదించుకున్నాం. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను.

మర్నాడు భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కాం. దీన్ని కనిపెట్టింది మన నేవీవాళ్లే! 1970లలో స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల నాణేలు, రోము వెండి నాణేలు దొరికాయి. ఫౌజీ ఎక్కడికెళ్లినా ముందు నీళ్లు వెతుకుతాడు కదా, నేనూ అవే చూశాను. రాతిలో తొలిచిన తొట్లు! కొండకు ఆ పేరు వాటివల్లే. పైనుంచి తీరమంతా కనపడుతుంది. పోస్టు పెట్టమంటే నేనూ అక్కడే పెడతాను.

అక్కణ్ణుంచి గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వ్యాపారానికి వచ్చి కోట కట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి పోయారు. వాళ్ల సమాధులు మిగిలాయి. ఉప్పుగాలికి కొన్ని రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. కంపెనీ జీతానికి ఓడెక్కి, ఇంటికి తిరిగి చేరని వాళ్లు. ఒక రాయిని కమ్మేసిన ముళ్లతీగను అన్న లాగుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఘాజీ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఈసారి మీరు వెళ్తే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. తొట్లకొండకు పొద్దున్నే వెళ్లాలి, నీళ్ల సీసా మర్చిపోవద్దు. కురుసురాకు సోమవారం సెలవు, అది చూసుకుని టికెట్లు తీయండి. జైహింద్.