భయపెట్టే సినిమాలు – మన పిల్లలు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్నవాళ్లం. మా తాతలు ఫిజీ దీవుల చెరకు తోటలకు ఓడలెక్కి వెళ్లినవారు. మద్రాసు నుండి కూలీలను అక్కడికి పంపడం 1903లో మొదలై 1916లో ఆగిపోయింది. వారి మనుమలమైన మేము కెనడా చేరి బడిపంతుళ్లమై స్థిరపడ్డాము. మా తెలుగులో పుస్తకం వాసన కొంచెం ఎక్కువ. పెద్దలు సర్దుకోవాలి.

వినోద సాధనాల గురించి మాట్లాడమన్నారు. సినిమా పిచ్చి ఉన్నవాళ్లం కనుక దయ్యాల సినిమాలను ఎంచుకున్నాము. పండుగ పూట దయ్యాల మాటలేమిటని అనుకోవద్దు. అక్టోబరు నెలాఖరున ఇక్కడ మన పిల్లలే దయ్యం వేషం వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు తిరుగుతున్నారు కదా!

దయ్యాలు మనకు కొత్తవి కావు. కొరివి దయ్యం, బ్రహ్మరాక్షసుడు, అన్నం తినకపోతే వచ్చే బూచాడు, వీళ్లందరూ మన తాతలతోనే సముద్రం దాటారు. రాత్రి దీపం తగ్గించి ఆ కథలు చెప్పేవారు. వినే పిల్లలకు భయం వేసేది. కాని పక్కనే నాయనమ్మ ఉండేది. భయం వేస్తే కొంగు పట్టుకోవచ్చు, అర్థం కాని మాట అడగవచ్చు.

1951లో వచ్చిన "పాతాళ భైరవి" చూడండి. కె.వి. రెడ్డి గారు దర్శకులు. ఎస్.వి. రంగారావు గారు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి చూసి హడలని పిల్లలు తక్కువ. కాని చివరకు ఏమైంది? అంజిగాడు మాంత్రికుడి శిష్యుడి రూపంలో వెళ్లి, మాయమాటలు చెప్పి, అతని చేతనే గడ్డం గీయించాడు. శక్తి అంతా ఆ గడ్డంలోనే ఉంది! భయపడిన పిల్లలే అక్కడ పకపకా నవ్వుతారు.

మా తరగతిలో ఈ సినిమా కొంచెం కొంచెంగా చూపిస్తాము. పాఠం అంటే ఆవులించే పిల్లలు కూడా మాంత్రికుడు వచ్చేసరికి నిటారుగా కూర్చుంటారు. "డింభకుడు అంటే ఏమిటి మాస్టారూ?" అని అడుగుతారు. పసివాడు అని చెబుతాము. ఆ వారమంతా ఒకరినొకరు "డింభకా" అని పిలుచుకుంటారు. పలక మీద వంద సార్లు రాయించినా ఒక మాట అంత బాగా నాటుకోదు.

మన ఊళ్లలోనే తీసిన మరొక చిత్రం "ది ఛేంజ్‌లింగ్". 1980లో విడుదలైంది. వాంకూవర్, విక్టోరియా నగరాలలో చిత్రీకరించారు. ఇందులో రక్తపాతం తక్కువ. ఖాళీ ఇంట్లో ఒక చిన్న బంతి మెట్ల మీద నుండి దొర్లుకుంటూ దిగుతుంది. అంతే, గుండె ఆగినంత పని అవుతుంది. ఆ ఇంటి దయ్యం ఒక పిల్లవాడు. ఆస్తి కోసం కన్నతండ్రే అతన్ని చంపి, ఒక అనాథను తెచ్చి, అతని పేరును కూడా ఆ అనాథకు ఇచ్చేశాడు. చనిపోయిన పిల్లవాడు కోరేది తన సంగతి ఎవరైనా వినాలని. ఊరి పేరు, ఇంటి పేరు పోగొట్టుకుని వచ్చిన కుటుంబాల వాళ్లకు ఈ కథ ఊరికే భయపెట్టి వదలదు.

మన సినిమాలూ మారాయి. 1992లో రామ్‌గోపాల్ వర్మ "రాత్రి"లో దయ్యం మామూలు సంసారి ఇంట్లోకే వచ్చింది. 2009లో "అరుంధతి"లో దయ్యాన్ని ఎదిరించినది ఆడపిల్ల. ఇవీ పెద్ద పిల్లలతో కలిసి చూడదగినవే.

అయితే ఒక హెచ్చరిక. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘోరాలు తెలుగు పల్లెలలో నిజంగా జరిగాయి. మంత్రాలకు చింతకాయలు రాలవు అని పిల్లలకు చెప్పవలసినది మనమే. సినిమా ఆ మాట చెప్పదు.

ఇప్పుడు పిల్లలు గది తలుపు వేసుకుని, చెవులలో తీగలు పెట్టుకుని, అరచేతిలోని తెర మీద ఒంటరిగా భయపడుతున్నారు. రాత్రి నిద్ర పట్టకపోయినా ఎవరికీ చెప్పరు. తల్లిదండ్రులకు దయ్యాల కన్నా ఇదే ఎక్కువ భయం కలిగించాలి. చూడవద్దని కసిరితే దొంగచాటుగా చూస్తారు. పక్కన కూర్చుంటే ప్రశ్నలు వేస్తారు.

కనుక మా మనవి ఒక్కటే. నెలకు ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి, పిల్లల వయసుకు తగిన భయం సినిమా ఒకటి చూడండి. తాతయ్యను, అమ్మమ్మను మధ్యలో కూర్చోబెట్టండి. సినిమా అయ్యాక దీపం వేసి, వాళ్ల చిన్ననాటి దయ్యం కథ ఒకటి తెలుగులో చెప్పమనండి. పిల్లలకు సగమే అర్థమైనా ఫరవాలేదు. మిగిలిన సగం అడిగి తెలుసుకుంటారు.