మహబూబాబాద్ మొదట, వికారాబాద్ చివర



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, టీవీలన్నిటా జిల్లాల వరస మొదలవుతుంది. 2025లో తెలంగాణ మొత్తమ్మీద 92.78 శాతం పాసైతే, 99.29 శాతంతో మహబూబాబాద్ అందరికంటే ముందు నిలిచింది. 73.97తో వికారాబాద్ ఆఖరున ఉంది. మహబూబాబాద్ పాత వరంగల్ జిల్లాలోంచి 2016లో విడిపోయిన భాగమే. తండాలు, గూడేలు ఎక్కువున్న ప్రాంతం. వికారాబాద్ చూస్తే రాజధాని పక్కనే. 2011 జనాభా లెక్కల్లో రెండు చోట్లా అక్షరాస్యత అరవై శాతం లోపే. అంటే తల్లిదండ్రుల చదువు దాదాపు ఒకటే, పిల్లల ఫలితం మాత్రం ఒకటి కాదు. మహబూబాబాద్ టీచర్లకు దక్కాల్సిన మెప్పు దక్కాల్సిందే.

అయితే వికారాబాద్‌ను తీసిపారేయడానికి వీల్లేదు. ఆ జిల్లా 2023లో 59.46, 2024లో 65.10, 2025లో 73.97 శాతం సాధించింది. మూడేళ్లూ చివరి స్థానమే, అయినా రెండేళ్లలో 14 శాతం పాయింట్లకు పైగా పైకొచ్చింది. ర్యాంకు దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఈ కష్టం కనపడదు.

ఉత్తీర్ణత శాతం కూడా మొత్తం కథ చెప్పదు. పాస్ కావడానికి 35 మార్కులు చాలు. పిల్లల చదువుపై జరిగే ‘అసర్’ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామీణ సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. తెలంగాణ అంతకన్నా వెనకే ఉంది. పదో తరగతిలో స్పెషల్ క్లాసులు పెట్టి గట్టెక్కించే శ్రమలో సగమైనా మూడో తరగతి మీద పెడితే ఎంత బాగుండు! కేంద్రం జిల్లాలకిచ్చే గ్రేడింగ్ సూచీకి మొత్తం 600 పాయింట్లు. వాటిలో 290 పాయింట్లు పిల్లలు ఏం నేర్చారు, బడికొస్తున్నారా, టీచర్లున్నారా అన్నవాటికే. ఫలితాల రోజు ఆ సూచీ గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఇంటిపన్ను నుంచి వస్తుంది. అక్కడి మన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగు చూడటానికి ఇదీ ఒక కారణం. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఒకప్పుడు పేదల ఎజ్‌వుడ్ బడులకు విద్యార్థికి ఏడాదికి 356 డాలర్లు, సంపన్నుల అలమో హైట్స్ బడులకు 594 డాలర్లు అందేవి. ఆ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1973లో 5–4తో తీర్పిచ్చింది.

మన జిల్లాలకు ఆ బాధ లేదు. పైసలు హైదరాబాద్ నుంచే వస్తాయి. 2025–26లో రాష్ట్రం 3,04,965 కోట్ల బడ్జెట్‌లో విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం చూపింది. అందులో అత్యధికం జీతాలకే పోతుంది. బడి చేతికి నేరుగా వచ్చేది సమగ్రశిక్ష పథకం గ్రాంటు. ముప్పై మంది పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. అందులో పదో వంతు పరిశుభ్రతకు తీసిపెట్టాలి. మిగిలిన 9,000 అంటే నెలకు 750. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కాలిపోయిన బల్బు, విరిగిన కుళాయి అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇంకొక్క బిడ్డ చేరి 31 మంది అయితే గ్రాంటు 25,000కు పెరుగుతుంది. ఆ ఒక్క పేరు కోసం హెడ్మాస్టర్లు ఇంటింటికీ తిరగడంలో వింతేముంది?

జీతాలకే అంత పోతుందంటే, టీచరు ఎక్కడుంటే డబ్బు అక్కడున్నట్టే. ఏకోపాధ్యాయ బడిలో ఒక్క టీచరమ్మ ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి ఎక్కాలు చూసి రాసుకుంటూ కూర్చుంటుంది. ఆమె మండల మీటింగుకు పోయిన రోజు చదువు లేనట్టే. ఇంటి అద్దె భత్యం లెక్క చూస్తే ఇంకా బాధేస్తుంది. 2020 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం వరంగల్ లాంటి నగరంలో పనిచేసేవాళ్లకు మూలవేతనంలో 17 శాతం, పల్లెల్లో 11 శాతం. మా మడికొండ గ్రేటర్ వరంగల్‌లో కలిసింది కాబట్టి ఇక్కడి టీచరుకు పెద్ద భత్యమే. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల ఏజెన్సీ బడికి పోతే చిన్నది. అద్దె నగరంలో ఎక్కువన్న మాట నిజమే. కానీ అడవి అంచున ఉండటానికి ఇల్లు దొరక్క రోజూ పెట్టుకునే బండి పెట్రోలు ఖర్చు ఆ లెక్కలోకి రాలేదు.

డిగ్రీ పట్టా చేతికొచ్చిన మూడేళ్లకు మన బిడ్డలకు వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు నమోదు చేసుకునే హక్కు వస్తుంది. ఎమ్మెల్సీ అభ్యర్థి గడప తొక్కినప్పుడు, గంగారం పోయే టీచరుకు భత్యం ఎందుకు తక్కువని మొదట అడగండి.