పన్నెండు దిక్కులు, అరవై ఫొటోలు

గ్రాండ్ కాన్యన్ చూసొచ్చిన మన వాళ్ళ ఆల్బమ్‌లలో సాయంత్రం ఫొటోలు చూడండి. ఆకాశం బాగా వస్తే లోయ బొగ్గులా ఉంటుంది. లోయ కనిపిస్తే ఆకాశం తెల్లకాగితం! అంచున ఇంకా ఎండ కాస్తుంటే, మైలు లోతున ఉన్న అడుగుకు అప్పటికే నీడ కమ్మేస్తుంది. కన్ను అటూ ఇటూ చూస్తూ సర్దుకుంటుంది. కెమెరాకు ఒక్క ఫొటోలో అది సాధ్యం కాదు.

అందుకే ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుగుతో, ఎక్కువ వెలుగుతో కొన్నిసార్లు తీసి కలుపుతారు. ఇదేమీ కొత్త కాదు. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రానికో నెగటివు, ఆకాశానికో నెగటివు వాడి ఒకే కాగితం మీద అచ్చు వేశాడు.

చుట్టూ తిరిగే పనోరమా అయితే లెక్క పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల లెన్సున్న మామూలు డిజిటల్ ఎస్సెల్లార్‌ను నిలువుగా పెట్టి, ఫొటోకీ ఫొటోకీ మూడో వంతు కలిసేలా తిప్పితే 12 దిక్కులు. (మన పెద్దవాళ్ళు పదే చెప్పారనుకోండి.) దిక్కుకు ఐదు చొప్పున 60 ఫొటోలు. సెకనులో 1000వ వంతు, 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు, 4వ వంతు. అరవైసార్లు చేత్తో చక్రం తిప్పి మీట నొక్కితే పది నిమిషాలు పట్టొచ్చు. అస్తమయం వేళ వెలుగు పది నిమిషాలు ఆగుతుందా? పైగా చెయ్యి తగిలి ట్రైపాడ్ కదులుతుంది.

కాబట్టి లెక్కపెట్టే పని కెమెరాకు వదిలెయ్యండి. ఆటో బ్రాకెటింగ్ పెట్టి, రెండు సెకన్ల టైమర్ కలిపితే, చాలా కెమెరాలు ఒక్క నొక్కుకే వరసంతా తీసేస్తాయి. మూడే తీసే పాత కానన్‌లు కొన్నిటికి మ్యాజిక్ లాంటర్న్ అనే ఉచిత ప్రోగ్రాం ఐదూ ఏడూ తీయిస్తుంది. మొత్తం చుట్టు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

కానీ వెలుగు కొలిచే పని మాత్రం కెమెరాకు ఇవ్వకండి. ఇస్తే సూర్యుడి వైపు ఒక కొలత, నీడ వైపు ఇంకో కొలత తీసుకుంటుంది. అతికించాక ఆకాశం గళ్ళ చీరలా వస్తుంది. ముందుగా ఒక చుట్టు తిరిగి చూసుకోండి. మబ్బు తెల్లబోకుండా అతి చిన్న సమయం, లోయ అడుగు కనబడేలా అతి పెద్ద సమయం మీరే తేల్చుకోండి. ఆ ఐదు సమయాలే పన్నెండు దిక్కులకూ. అపర్చర్, ఐఎస్ఓ, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ కూడా కదపకూడదు.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంత దూరం విమానమెక్కలేదు. డెజర్ట్ వ్యూ దగ్గర ఇలా తీసిన పనోరమాను తెనాలిలో కంప్యూటర్ మీద తిప్పి చూసుకుంది. కృష్ణ ఒడ్డున పెరిగిన మనిషి కదా, మొదటి ప్రశ్న: "ఇంత గొయ్యి తవ్విన ఏరేదిరా?" అడుగున నీడలో కొలరాడో నది సన్నటి గీతలా ఉంది. 4వ వంతు సెకను ఫొటో లేకపోతే ఆ గీత లేదు.

పిల్లల్ని మాత్రం ఈ అరవైలో నిలబెట్టకండి, కదిలి దయ్యాల్లా వస్తారు. వాళ్ళకు విడిగా ఒక ఫొటో తీయండి. అతికించడానికి హగిన్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్ పాతదైతే రాత్రి పెట్టి పడుకోండి.