పాత పట్టికకు క్రొత్త దుబాసి

(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



భీమవరము పొలములకు గోదావరి నీరు నేటికిని పూర్వపు కాలువల మీదుగనే వచ్చుచున్నది. ధవళేశ్వరమున కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. అది జీర్ణింపగా, 1982 నాటికి క్రొత్త బ్యారేజి వెలసినది. బ్యారేజి క్రొత్తది, కాలువలు పాతవి. క్రొత్తది పాత కాలువకు నీరందింపజాలనిచో చేలు ఎండిపోయి యుండెడివి. కంప్యూటరు పట్టికల విషయమునను ఇదియే న్యాయము.

గ్రంథాలయమునకు గాని, సహకార సంఘమునకు గాని, ఏండ్ల తరబడి కూర్చిన పట్టికయే ఆస్తి. దానిని నడపు ప్రోగ్రాము పాతబడినను, అందలి పేర్లు చెడరాదు. ఏలయన, పట్టికలో పేరు తప్పిపోయినచో బీరువాలో పుస్తకమున్నను లేనట్లే.

1980 దశకమున వాడుకలోనున్న డీబేస్ వంటి ప్రోగ్రాములు ఇంగ్లీషు అక్షరములకై ఏర్పడినవి. వానికి భారతీయ లిపులు నేర్పుటకు కాన్పూరు ఐఐటీలో మొదలై, పుణే సీడాక్ సంస్థలో పెంపొందినది జిస్ట్ కార్డు. దానిని కంప్యూటరులో అమర్చినచో, ప్రోగ్రామును తిరుగ వ్రాయకయే తెలుగు టైపు చేయుటకును, తెరపై చూచుటకును వీలయ్యెడిది. ఒక బైటునకు 256 సంఖ్యలు కలవు. మొదటి 128 ఇంగ్లీషునకు విడిచి, మిగిలిన వానిలో భారతీయాక్షరములను అమర్చిరి. ఇస్కీ అను ఈ పద్ధతి 1991లో భారత ప్రమాణమైనది. పాత ప్రోగ్రాము తన పని తాను చేసికొనుచుండగా, కార్డు దుబాసియై నిలిచెను.

ఆ సంవత్సరమే వెలువడిన యూనికోడు తెలుగునకు ప్రత్యేకముగ 128 స్థానములు కేటాయించెను. నేటి ఫోనులును, కంప్యూటర్లును దీనినే వాడుచున్నవి. చిక్కంతయు ఇచ్చటనే కలదు. ‘గ్రంథాలయము’ అను మాటకు ఇస్కీలో 10 బైట్లు చాలును. యూనికోడును భద్రపరచు యూటీఎఫ్-8 పద్ధతిలో 30 కావలెను. పాత పట్టికలో ఆ గడికి 20 బైట్లే యున్నచో, ‘గ్రంథా’ వరకు నిలిచి, ‘ల’ నడుమ విరిగి, తక్కినది పోవును. ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు తప్పు చూపకయే ఊరకుండును. నష్టము నెలల తరువాత గాని బయటపడదు.

కావున క్రొత్త భాగమును చేర్చుటకు ముందు పట్టికకు నకలు తీసి వేరుచోట దాచవలెను. ప్రతి గడి వెడల్పును కొలువవలెను. పాత పట్టికను పాత లిపిసంఖ్యలతోనే యుంచి, గడప కడ మార్పిడి చేయు చిన్న ప్రోగ్రామును దుబాసిగా నిలుపుట క్షేమము. ఆ దుబాసిని పరీక్షించు విధము సులభము: పాతదానిని క్రొత్త పద్ధతికి మార్చి, తిరిగి పాత పద్ధతికి మార్చి, మూలముతో సరిపోల్చవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను పని ఆపవలెను.

కొన్నిచోట్ల ఇస్కీకి బదులు ఏదో యొక ఫాంటు ఆకారముల సంఖ్యలే పట్టికలో దాచబడినవి. ఈ సంఖ్యలు ఫాంటు ఫాంటునకు మారును. ఆ ఫాంటు దొరకనిచో దుబాసికి భాషయే తెలియదు. పాత కంప్యూటరును అమ్మివేయునప్పుడు ఫాంటు ఫైలును దానితో పోనీయరాదు.

అక్షరములు నిలిచినను అర్థము మారు సందర్భములు కలవు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగి, పశ్చిమ గోదావరికి భీమవరము ముఖ్యపట్టణమయ్యెను. అంతవరకు ముఖ్యపట్టణముగ నున్న ఏలూరు వేరు జిల్లాయయ్యెను. కావున పట్టికలో ‘పశ్చిమ గోదావరి’ అని యున్నచో, అది ఏనాటి మాటయో తెలియవలెను. పాత చిరునామాను చెరిపి క్రొత్తది వ్రాయుటకంటె, రెంటిని తేదీలతో నిలుపుట మేలు.

ఈ పని నిపుణులకే విడువదగినది కాదు. మార్పిడి ముగిసిననాడు చందాదారులు వచ్చి, తెరపై తమ పేరు తామే చదివి చూచుకొనవలెను. ఇంటిపేరులోని వత్తు పోయిన సంగతిని ఆ ఇంటివారే ముందుగ కనిపెట్టుదురు. చేతివ్రాత రిజిష్టరును మాత్రము, సరిచూచుట పూర్తియగు వరకు, అటుకెక్కింపకుండుట మంచిది.