ఆఖరి మాట ఏ ఆటది?



 తెలుగులో క్రీడా రచన మీద మాదాపూర్‌లో జరుగుతున్న ఈ సదస్సుకు అధ్యక్షత వహించమని నిర్వాహకులు అడిగినప్పుడు, నా ప్రసంగాన్ని ఒక్క ప్రశ్నకే పరిమితం చేసుకుంటానని వారికి చెప్పాను. గంటల కొద్దీ ఆలోచించి ఆడే చెస్ పోరు సమంగా ముగిస్తే, విజేత ఎవరో నిమిషాల ఆటతో తేల్చడం సబబేనా? ఈ టైబ్రేక్ తగవులో మన మాట ఏమిటి?

చదరంగం మనకు కొత్త ముచ్చట కాదు. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచిన బొడ్డుచర్ల తిమ్మన పేరును మన చాటువులు ఈనాటికీ నిలిపి ఉంచాయి. 2002 అక్టోబరులో అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ప్రపంచ కప్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఫైనల్లో కాసింజనోవ్‌ను ఓడించి విశ్వనాథన్ ఆనంద్ ఆ కప్పు గెలిచారు. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత శాస్త్రజ్ఞుల మహాసభ ఇక్కడికి దగ్గర్లోని హెచ్ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగినప్పుడు, ఆనంద్ ఒకేసారి 40 మందితో ఆడారు. ఆడేవాళ్లకూ, చూసేవాళ్లకూ మనకు కరువు లేదు. కరువల్లా ఆట నియమాల గురించి తెలుగులో నిలబడి వాదించేవాళ్లకే.

ఈ ప్రశ్న మన ఇంటి ప్రశ్న అని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2025 జులైలో జార్జియాలోని బతూమీలో మహిళల ప్రపంచ కప్ జరిగింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి సెమీఫైనల్లో చైనాకు చెందిన లే టింగ్జీతో తలపడ్డారు. రెండు క్లాసికల్ ఆటలూ తేలలేదు. మర్నాడు టైబ్రేక్. ఆటగాడికి 15 నిమిషాలిచ్చి, ఎత్తుకు 10 సెకన్లు కలిపే ర్యాపిడ్ ఆటలు రెండూ తేలలేదు. తర్వాత 10 నిమిషాల ఆటలు. మొదటిది హంపి ఓడిపోయారు. రెండోది ఓడితే ఇంటికే. అది గెలిచి నిలిచారు. ఆపైన 5 నిమిషాల బ్లిట్జ్ ఆటలు రెండూ గెలిచి, 5-3తో ఫైనల్ చేరారు. 38 ఏళ్ల వయసులో, ఒక బిడ్డ తల్లి, గడియారం తరుముతుండగా చూపిన ఆ నిబ్బరం గురించి మనం ఇంకా చాలా రాయవలసి ఉంది.

ఫైనల్లో ఎదురుగా 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్. మళ్లీ క్లాసికల్ ఆటలు రెండూ డ్రా. జులై 28న టైబ్రేక్ జరిగింది. మొదటి ర్యాపిడ్ ఆట డ్రా. రెండో ఆటలో హంపివి తెల్ల పావులు. సమయం కరిగిపోతున్నకొద్దీ తప్పులు దొర్లాయి. నల్ల పావులతో ఆడిన దివ్య గెలిచారు. 2.5-1.5. కప్పూ, దానితోపాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా ఆమెకు దక్కాయి. అదే కప్‌లో క్వార్టర్ ఫైనల్లో గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక కూడా దివ్యకే, టైబ్రేక్‌లోనే లొంగిపోయారు.

ఇప్పుడు మనం ఏమనాలి? సెమీఫైనల్లో హంపిని గెలిపించిన నియమం న్యాయమైనదై, రోజుల వ్యవధిలో ఫైనల్లో ఓడించిన అదే నియమం అన్యాయమైనదవుతుందా? కాదు. మనవాళ్లు గెలిచిన రోజున నియమాన్ని మెచ్చుకుని, ఓడిన రోజున తిట్టిపోసే రాత విశ్లేషణ కాదు. దివ్య గెలుపు నిఖార్సైన గెలుపు. నియమం మంచిచెడ్డలు ఫలితాన్ని బట్టి కాక, నియమాన్ని బట్టే తూచాలి. ఈ సదస్సు పొడుగునా మనం పాటించవలసిన మొదటి మర్యాద ఇదని నా మనవి.

వేగం ఆట చెస్సే కాదనేవారితో కూడా నేను ఏకీభవించలేను. హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ఆ కిరీటాలను నెత్తిన పెట్టుకున్నవాళ్లం, వేగం ఆట అదృష్టమని ఎలా అంటాం? ఏళ్ల తరబడి నేర్చినది వేళ్ల చివరికి రాకపోతే 5 నిమిషాల ఆట ఎవరూ గెలవలేరు. అయితే ర్యాపిడ్ ఒక విద్య, క్లాసికల్ మరో విద్య. ఒకదానికి పెట్టిన పందెంలో మరొకదానితో తీర్పు చెప్పవచ్చా అన్నదే ఇక్కడ తగవు.

ఈ నియమం ఎందుకు పుట్టిందో గుర్తుచేసుకోకుండా దాన్ని తప్పు పట్టడం ధర్మం కాదు. ఒకప్పుడు ప్రపంచ టైటిల్ పోరు 24 ఆటలు. 12-12 అయితే పాత ఛాంపియనే ఛాంపియన్. 1951లో బ్రాన్‌స్టైన్, 1954లో స్మిస్లోవ్ బోట్విన్నిక్‌తో సమంగా నిలిచి కూడా కిరీటం అందుకోలేకపోయారు. 1987లో సెవిల్లాలో కాస్పరోవ్ 12-12తో కిరీటం నిలుపుకున్నారు. సవాలు చేసినవాడు సమానుడని తేలినా ఒట్టి చేతులతో వెళ్లాలన్న ఆ పద్ధతిలో న్యాయం తక్కువ. తేలేదాకా ఆడించడమూ చూశారు. 1984లో కార్పోవ్, కాస్పరోవ్ మధ్య ముందుగా ఆరు విజయాలు సాధించినవారిదే కిరీటమన్న పోరు మొదలై 48 ఆటలు సాగి, 1985 ఫిబ్రవరిలో ఫలితం లేకుండానే ఆగిపోయింది. ఇక 1983లో వెల్డెన్‌లో స్మిస్లోవ్, హ్యూబ్నర్ మధ్య క్యాండిడేట్స్ పోరు అదనపు ఆటల తర్వాత కూడా తేలకపోతే, జూదశాలలో రౌలెట్ చక్రం తిప్పి స్మిస్లోవ్‌ను ముందుకు పంపారు. జీవితమంతా బల్ల ముందు గడిపిన ఇద్దరి భవితవ్యాన్ని ఒక గుండు తేల్చింది. అంతకన్నా నిమిషాల ఆట నూరు రెట్లు నయం. కనీసం అక్కడ పావులు కదిపేది ఆటగాడి చెయ్యి.

వేగం ఆట ప్రపంచ టైటిల్ దాకా వచ్చింది 1998 జనవరిలో, లొసాన్‌లో. నష్టపోయింది ఆనంద్. గ్రోనింగెన్‌లో సుదీర్ఘమైన నాకౌట్ పోటీ గెలిచి, అలసట తీరకముందే ఆయన ఫైనల్ ఆడవలసి వచ్చింది. కార్పోవ్‌కు నేరుగా ఫైనల్లో చోటిచ్చారు. ఆరు ఆటలు 3-3. ర్యాపిడ్‌లో కార్పోవ్ 2-0. ఆ తర్వాత 2006లో క్రామ్నిక్, 2012లో ఆనంద్, 2016లోనూ 2018లోనూ కార్ల్‌సన్, 2023లో డింగ్ లిరెన్ ర్యాపిడ్ ఆటలతోనే కిరీటం అందుకున్నారు లేదా నిలుపుకున్నారు. మినహాయింపుగా తెచ్చిన పద్ధతి అలవాటుగా మారింది. నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది.

టైబ్రేక్ ప్రభావం టైబ్రేక్ రోజుకే పరిమితం కాదు. దాని నీడ ముందటి ఆటలన్నిటి మీదా పడుతుంది. 2018లో లండన్‌లో కార్ల్‌సన్, కారువానా మధ్య 12 క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. 12వ ఆటలో కార్ల్‌సన్ స్థితి మెరుగ్గా ఉంది, గడియారమూ ఆయన వైపే ఉంది. అయినా 31వ ఎత్తు దగ్గర డ్రా ప్రతిపాదించారు. ర్యాపిడ్‌లో తనదే పైచేయి అని ఆయనకు తెలుసు. టైబ్రేక్‌లో 3-0తో గెలిచి తన లెక్క సరైనదేనని చూపించారు. ఆయన్ని తప్పు పట్టలేం. నియమం ఏ దారి చూపిందో ఆ దారినే నడిచారు. కానీ క్లాసికల్ కిరీటం కోసం జరిగే పోరులో, గెలవగల క్లాసికల్ ఆటను వదులుకోవడమే తెలివైన పని అయిందంటే నియమంలో లోపం ఉన్నట్టే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది. 2024 డిసెంబరు 12, సింగపూర్. చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబం బిడ్డ గుకేశ్, డింగ్ లిరెన్ 6.5-6.5తో 14వ ఆటకు కూర్చున్నారు. అది డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్. అందులో డింగ్‌కే మొగ్గు అని చాలామంది అన్నారు. 18 ఏళ్ల గుకేశ్ ఒక్క బంటు ఆధిక్యంతో, డ్రా తప్పదనుకున్న స్థితిలో కూడా ఆడుతూనే ఉన్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును పెట్టకూడని గడిలో పెట్టారు. పోరు ముగిసింది. ఆ టైటిల్ క్లాసికల్ ఆటలోనే తేలడం నియమం గొప్పతనం కాదు, గుకేశ్ పట్టుదల. ఆటగాళ్ల పట్టుదలను నమ్ముకుని నియమాలు రాయకూడదు.

అందుకే నేను గట్టిగా సమర్థించే మార్పు ఒకటుంది. చెస్ లోకంలో కొందరు ముందే చెప్పినదే. ప్రపంచ టైటిల్ పోరులో ర్యాపిడ్ ఆటలు చివర్లో కాక మొదట్లోనే ఆడించాలి. క్లాసికల్ పోరు సమమైతే ఆ ర్యాపిడ్‌లో గెలిచినవారికే టైటిల్. ఇలా చేస్తే మొదటి రోజు నుంచే ఇద్దరిలో ఒకరు వెనకబడి ఉంటారు. వారు క్లాసికల్‌లో గెలిచి తీరాలి. ఆఖరి ఆట ఎప్పుడూ క్లాసికల్ ఆటే అవుతుంది. ముందంజలో ఉన్నవారు 14 ఆటలూ డ్రాల కోసమే ఆడతారు కదా అని కొందరంటారు. ఆడవచ్చు. కానీ ఆ ముందంజ పాత ఛాంపియన్ల హక్కులా వారసత్వంగా వచ్చినది కాదు, బల్ల మీద సంపాదించినది. దాన్ని బద్దలు కొట్టడానికి ఎదుటివారికి 14 అవకాశాలుంటాయి. టైబ్రేక్ రోజు టీవీ ముందు కూర్చునే జనం తగ్గుతారన్న నిర్వాహకుల బెంగ నాకు అర్థమవుతుంది. ఆ ఉత్కంఠ 14వ ఆటకు వస్తుందని సింగపూర్ నిరూపించింది.

నార్వే చెస్ టోర్నీలో 2019 నుంచి మరో దారి పట్టారు. హంపి, అర్జున్ ఎరిగైసి ఇద్దరూ అక్కడ ఆడారు. 2020 నుంచి లెక్క ఇది: క్లాసికల్ గెలుపుకు 3 పాయింట్లు. డ్రా అయితే వెంటనే ఆర్మగెడాన్ అనే తేల్చి తీరే వేగం ఆట, అందులో గెలిచినవారికి 1.5, ఓడినవారికి 1. వేగానికి విలువ ఉంది, కానీ నిదానానికి దాని కన్నా ఎంతో ఎక్కువ విలువ ఉంది. ఆ నిష్పత్తిలో నాకు వివేకం కనిపిస్తుంది.

ఇక ప్రపంచ కప్ వంటి నాకౌట్ల మాట. అక్కడ రోజుకు ఎందరో ఇంటిముఖం పట్టాలి, మర్నాడు కొత్త రౌండ్ మొదలు కావాలి. వేగం ఆట తప్పదు. 2023లో బాకూలో వరంగల్ కుర్రాడు అర్జున్, ప్రజ్ఞానంద చేతిలో 5-4తో ఓడారు. 2025లో గోవాలో వెయ్ యీ చేతిలో మళ్లీ టైబ్రేక్‌లోనే. రెండుసార్లూ క్వార్టర్ ఫైనలే. బాధ కలుగుతుంది, కానీ దాన్ని అన్యాయమనను. ఆర్మగెడాన్ మాత్రం వేరు. తెల్ల పావులవారికి సమయం ఎక్కువ, కానీ గెలిచి తీరాలి. డ్రా అయితే నల్ల పావులవారిదే గెలుపు. 2017లో టెహ్రాన్ మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో హారిక, టాన్ జోంగ్యీ అలాంటి ఆట దాకా వెళ్లారు. హారిక ఓడి, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మూడో కాంస్యంతో తిరిగి వచ్చారు. ఇద్దరికీ రెండు వేర్వేరు షరతులు పెట్టే ఆటతో ప్రపంచ టైటిల్‌కు దారి మూసేయడం నాకు సమ్మతం కాదు.

అన్నిటికన్నా సులువుగా సరిదిద్దగల తప్పు ఒకటి మిగిలి ఉంది. ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ముగ్గురో నలుగురో మొదటి స్థానంలో సమంగా నిలిస్తే, ప్లేఆఫ్ ఇద్దరికే. ఆ ఇద్దరెవరో ప్రత్యర్థుల పాయింట్ల వంటి లెక్కలు తేలుస్తాయి. అంటే నిన్న నేను ఓడించిన మనిషి ఇవాళ ఎలా ఆడాడన్న దాని మీద నా అవకాశం ఆధారపడుతుంది. 2021లో వార్సాలో నలుగురు 9.5 దగ్గర నిలిస్తే, కార్ల్‌సన్, కారువానా బయటే ఉండిపోయారు. ఆ నియమాన్ని కార్ల్‌సన్ తీవ్రంగా దుయ్యబట్టారు. మన హంపి ఈ నియమానికి రెండు వైపులా నిలిచారు. 2019లో ముగ్గురు సమంగా ఉంటే ఆమెకు ప్లేఆఫ్ దక్కింది. లే టింగ్జీతో మొదటి బ్లిట్జ్ ఓడి, రెండోది గెలిచి, ఆర్మగెడాన్‌తో ఛాంపియన్ అయ్యారు. ఏకాతెరీనా అటాలిక్‌కు ఆడే అవకాశమే రాలేదు. 2025 డిసెంబరులో దోహాలో మళ్లీ ముగ్గురు 8.5 దగ్గర సమం. ఈసారి గోర్యాచ్‌కినా, జూ జినెర్ ప్లేఆఫ్ ఆడితే, హంపికి కాంస్యం. 2019లో మనం అటాలిక్ గురించి రాసి ఉంటే, 2025లో హంపి గురించి మన మాటకు బలం ఉండేది. సమానులందరికీ బల్ల దక్కాలి. దానికి పట్టేది మరో గంట మాత్రమే.

ఈ మాటలు ఇక్కడ, హైటెక్ సిటీలో చెప్పడానికి కారణం ఉంది. లొసాన్‌లో ర్యాపిడ్ ఆటలు టైటిల్ తేల్చిన 1998లోనే, నవంబరులో, ఇక్కడ సైబర్ టవర్స్ తెరుచుకుంది. అప్పటి నుంచి ఈ ప్రాంతం వేగాన్ని నమ్ముకునే పెరిగింది. ఉద్యోగానికి వచ్చినవారి బుద్ధిని గడియారం పెట్టిన కోడింగ్ పరీక్షలతో కొలుస్తున్నాం. అమీర్‌పేట నుంచి రాయదుర్గం వచ్చేలోపు మెట్రోలో ఫోన్ మీద నాలుగైదు బ్లిట్జ్‌లు ముగించే యువత మన ముందుంది. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలోని పిల్లలు గంట సేపు ఒక స్థితి ముందు కూర్చోవడం కన్నా ముందు మూడు నిమిషాల ఆట నేర్చుకుంటున్నారు. వేగం నేరం కాదు. కానీ పెద్ద పోటీలు దేన్ని చివరి తీర్పుగా ఎంచుకుంటే శిక్షకులు దాన్నే నేర్పుతారు, తల్లిదండ్రులు దాన్నే కోరుకుంటారు. ఒక పిల్ల నలభై నిమిషాలు ఆలోచించి ఒక్క ఎత్తు వేస్తే, ఆమెను మందబుద్ధి అనకుండా ఉండే సమాజం మనకు కావాలి. ఆ సమాజానికి కావలసిన ధైర్యాన్ని నియమాలు ఇవ్వగలవు.

పరిశోధకులకూ పాత్రికేయులకూ నా అభ్యర్థన ఇది. ఫలితంతో పాటు అది ఏ నియమం కింద వచ్చిందో కూడా పాఠకుడికి చెప్పండి. ఏ గడియారంతో ఆడారు, ఎవరికి ప్లేఆఫ్ దక్కింది, ఎవరికి దక్కలేదు, ఎందుకు దక్కలేదు అన్నవి వార్తలో భాగం కావాలి. హంపి, హారిక, అర్జున్, గుకేశ్ ఆడిన టైబ్రేక్‌ల చరిత్రను ఎత్తు ఎత్తునా విశ్లేషించి తెలుగులో ఒక పుస్తకంగా తీసుకురండి. ప్రపంచ టైటిల్‌కు ర్యాపిడ్ ముందుండాలని, సమానులందరికీ ప్లేఆఫ్ కావాలని ఈ సదస్సు తీర్మానం చేసి మన చెస్ సంఘాల ద్వారా ఫిడేకు పంపాలని ప్రతిపాదిస్తున్నాను. ఈ నియమాల వల్ల గెలిచిందీ ఓడిందీ మనవాళ్లే. వాటిని మార్చమని అడిగే హక్కు మనకుంది. ఆ హక్కును ఈ రెండు రోజుల చర్చల్లో వాడుకుందాం.